వీధి నెట్టు: ఇంటికి తీసుకోండి, షాపుకైతే రెండో లైన్ ఉంచుకోండి

తాడిపత్రిలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ షాపు. హాల్ టికెట్లు, పాన్ కార్డులు, రైలు టికెట్లు, కరెంటు బిల్లులు, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో పిల్లలకు ఆప్షన్లు పెట్టడం నా పని. నెట్టు పోయిందంటే నా షాపులో మిగిలేది నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. కాబట్టి నెట్టు విషయంలో నా నోరు కొంచెం కటువుగానే ఉంటుంది. ఏమీ అనుకోవద్దు.

మా వీధి, వెనక రెండు వీధుల వాళ్లు కలిసి నడుపుకునే మెష్ నెట్‌వర్క్‌ను ఏడాదికి పైగా వాడుతున్నా. ఇంట్లో వాడుతున్నా, షాపులోనూ వాడుతున్నా. "ఏమక్కా, ఆ వీధి నెట్టు బాగుంటాదా, మేమూ పెట్టించుకోమంటావా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నా. ఇంటికైతే ఐదుకు నాలుగు మార్కులు వేస్తా. నాలాంటి షాపులకైతే రెండున్నర.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఇది ఉచిత నెట్టు కాదు, ఆకాశంలోంచి ఊడిపడే నెట్టు కూడా కాదు. బయటి ఇంటర్నెట్ ఎవరో ఒక కంపెనీ నుంచే రావాలి. మా దగ్గర అది కెమెరాలు బిగించే ఒక అబ్బాయి మేడ మీదికి ఫైబర్‌గా వస్తుంది. అక్కడి నుంచి ఇంటింటికీ వైరు లాగకుండా, మేడల మీద చిన్న చిన్న డిష్షులు పెట్టి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి గాలిలో అందిస్తారు. మా మేడ మీది డిష్ నాకోసమే పని చేయదు. నా వెనక ఉన్న రెండు ఇళ్ల ట్రాఫిక్ కూడా దాని మీదుగానే పోతుంది. నేను స్విచ్ ఆపితే వాళ్లకూ ఆగుతుంది. చేరాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి బాగా తెలుసుకుని చేరాలి.

"ఇది లీగలేనా" అని నేనూ మొదట్లో అడిగాను. ఇంట్లో వాడుకునే ప్లాన్ తీసుకుని పదిమందికి అమ్ముకుంటే ఏ కంపెనీ ఒప్పుకోదు. అందుకని వీళ్లు పీఎం-వాణి కింద చేశారు. 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పథకం అది. చిల్లర కొట్టువాడైనా, టీ అంగడివాడైనా పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే పీడీవోగా వైఫై అమ్ముకోవచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు. లాగిన్లు, లెక్కలు పైన అగ్రిగేటర్ అనే కంపెనీ చూసుకుంటుంది. ఈ పథకం చాలాకాలం కాగితాల మీదే ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ధర. పీడీవో అనగానే కంపెనీలు ఖరీదైన లీజు లైన్ తీసుకోమనేవి. 2025 జూన్‌లో టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ ఒక ఆర్డర్ ఇచ్చింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇళ్లకు అమ్మే ఫైబర్ ప్లాన్లను పీడీవోలకు కూడా ఇవ్వాలి, ఇంటి ధరకు రెట్టింపు మించి అడగకూడదు. మా వీధి లెక్క అలాగే కుదిరింది. ఇక మేడల మీది డిష్షులంటారా, అవి వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెద్ద భాగాన్ని 2018లోనే బయట వాడుకోవడానికి కూడా లైసెన్స్ లేకుండా వదిలేశారు.

ఖర్చు సంగతికొస్తే, చేరేటప్పుడు డిష్షు, అడాప్టర్, కేబుల్, ఇంట్లో రౌటర్ అన్నీ కలిపి ఆరు వేల చిల్లర అయింది. సామాను మనదే. ఇల్లు మారితే విప్పుకుని పోవచ్చు. నెలకు 200 రూపాయలు. మేడ మీది సామాను పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉండాలి కాబట్టి నెలకు ఏడెనిమిది యూనిట్ల కరెంటు అదనం. అందుకే వెనక వాళ్లకు దారి ఇచ్చే ఇళ్లకు 50 రూపాయలు తగ్గిస్తారు. నాకు ఈ తగ్గింపు పద్ధతి నచ్చింది. ఎవరి కరెంటు వాళ్లే భరించాలంటే నాలుగు నెలల్లో అందరూ రాత్రి పడుకునే ముందు స్విచ్ ఆపేసేవాళ్లు.

బిగించిన రోజు చూడాలి తమాషా. ఈ కెమెరాల అబ్బాయి మా మేడ మీద ల్యాప్‌టాప్ పట్టుకుని వాటర్ ట్యాంక్ నీడలో కూర్చున్నాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా రిటైరైన మామ అవతలి మేడ మీద డిష్షు పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఫోన్ స్పీకర్‌లో ఉంది. "మామా, కొంచెం గుడి వైపు తిప్పు. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగాగు, పాయె! మళ్లా వెనక్కి రా. అంతే, ముట్టొద్దు, ఊపిరి కూడా పీల్చొద్దు." స్క్రీన్ మీద సిగ్నల్ బలం చూపే అంకె మైనస్ 78 నుంచి మైనస్ 61కి వచ్చింది. ఆ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిదట. మైనస్ 80 దాకా పోయిందంటే నెట్టు ఉన్నా లేనట్టే. నట్టు బిగించేటప్పుడు డిష్ వెంట్రుకవాసి కదిలినా మళ్లీ మొదటికే. ఎండకు మామ చొక్కా తడిసి ముద్దయింది. నేను మజ్జిగ పంపించాను.

ఆ తర్వాత మామ చేసిన పని ఏ కంపెనీ మనిషీ నాకు చేసిపెట్టలేదు. కేబుల్ ఇంట్లోకి వచ్చే కంత దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి దూర్చాడు. వాన నీళ్లు వైరు పట్టుకుని గోడలోకి రాకుండా ఆ వంపులోనే కిందికి కారిపోతాయి. పెరట్లో గుంత తీయించి, బొగ్గు, ఉప్పు వేసి, ఎర్తింగ్ ఇచ్చాడు. మన దగ్గర వాన తక్కువే కానీ వచ్చిందంటే పిడుగులతోనే వస్తుంది. వెనక వీధిలో ఎర్తింగ్ వద్దన్న ఒకాయన డిష్షు, రౌటర్, దాంతోపాటు టీవీ కూడా మొన్న మేలో పోయాయి.

స్పీడు సంగతి. మా ఇల్లు ఫైబర్ వచ్చే మెయిన్ మేడకు రెండో మజిలీలో ఉంది, అంటే నెట్టు గాలిలో రెండు గెంతులు వేసి మా మేడకు వస్తుంది. పగలు 40 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. రాత్రి ఎనిమిది తర్వాత 15కు, ఐపీఎల్ రోజుల్లో పదికి పడుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లల క్లాసులకు, మా ఆయన ఫోన్‌లో సినిమాలకు సరిపోతుంది. మజిలీలు పెరిగేకొద్దీ స్పీడు తగ్గుతుంది. ఒకే రేడియో అటు వినడానికీ ఇటు చెప్పడానికీ వాడితే ప్రతి మజిలీలో దాదాపు సగం పోతుంది. అందుకే మేడల మధ్య 5 గిగాహెర్ట్జ్, ఇంట్లో ఫోన్లకు 2.4 విడివిడిగా పెట్టారు. అయినా నాలుగో మజిలీలో ఉన్న టైలరమ్మ వాళ్లకు వీడియో కాల్ అప్పుడప్పుడు బొమ్మల్లా నిలబడిపోతుంది. చేరేముందు "మా ఇల్లు ఎన్నో మజిలీ" అని తప్పకుండా అడగండి. మూడు దాటితే నేనైతే చేరమని చెప్పను.

ఇక వేపచెట్టు కథ. మూడో వీధికి దారి ఇచ్చే డిష్షు మాఘమాసంలో పెట్టారు. అప్పుడు మధ్యలో ఉన్న వేపచెట్టు ఆకు రాల్చి మోడుగా ఉంది. సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. ఉగాదికి చెట్టు నిండా చిగురేసింది, మూడో వీధి మొత్తం పడిపోయింది. ఈ 5 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆకుల్లోని నీళ్లు తాగేస్తాయట. వానకు ఆకు తడిస్తే ఇంకా అన్యాయం. కొమ్మలు కొట్టిద్దామని అడగబోతే చెట్టున్న ఇంటి జేజి గడప దిగి వచ్చింది. "మీ నెట్టు కోసం చెట్టు కొట్టేదేందప్పా? అది మీ నాయన్లు పుట్టకముందు నుంచి ఉండాది" అనింది. ఎవరూ మారు మాట్లాడలేదు. చివరికి పక్క మేడ మీద జీఐ పైపు ఎత్తు పెంచి, చెట్టు తల మీదుగా దారి తీసుకున్నారు. డిష్షులు రెండూ ఒకదానికొకటి కనిపిస్తే చాలదు. మధ్య గీతకు చుట్టూ కొంత ఖాళీ కూడా ఉండాలి. మీ వీధిలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే చెట్లన్నీ పచ్చగా ఉన్నప్పుడు సర్వే చేసుకోండి.

కోతుల బాధ, పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము బాధ మన ఊరివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బండల దుమ్ము అడాప్టర్ల మీద పేరుకుని, ఎండకు కాగి, రెండు అడాప్టర్లు పోయాయి. ఇప్పుడు అడాప్టర్లన్నీ ఇంటి లోపలే పెట్టి, మేడ మీదికి కేబుల్‌లోనే కరెంటు పంపుతున్నారు. కోతులకు మాత్రం మందు లేదు. హిమాచల్‌లో ధర్మశాల కొండల్లో 2005 ప్రాంతంలోనే ఇలాంటి మెష్ వేశారు, అక్కడ యాంటెన్నాలు పట్టుకుని కోతులు ఊగేవట. ఆ మాట చెబితే మా గ్రూపులో అందరికీ కొంచెం ఊరటగా అనిపించింది.

నేను నాలుగు మార్కులు వేయడానికి అసలు కారణం రిపేరు. ఇదివరకు నాకున్న కంపెనీ లైన్ పోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి. ఒకటి నొక్కు, మూడు నొక్కు, తొమ్మిది నొక్కు. తర్వాత ఒక కంప్లైంట్ నంబర్ వచ్చేది. మరుసటి రోజు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చేది. ఆ మెసేజ్ చదువుతుంటే ఎదురుగా బాక్స్ మీద ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ నన్ను చూస్తుండేది. ఎవరిని అడగాలో తెలియదు. ఊళ్లో వైర్లు లాగే అబ్బాయిని పట్టుకుంటే "పైన చెప్పాం మేడం" అంటాడు. ఆ పైన ఎవరో అతనికీ తెలియదు.

ఇక్కడ పైన ఉన్నది మామ, కెమెరాల అబ్బాయి. వాట్సాప్ గ్రూపులో "నెట్టు లేదు" అని పెడితే ముందు మ్యాప్ ఫొటో వస్తుంది. ఏ మేడ పచ్చగా ఉంది, ఏది ఎర్రగా ఉంది అందరికీ కనిపిస్తుంది. ఒక్కో మేడ మీది సామానును నోడ్ అంటారు. "టెంకాయల అంగడి వాళ్ల నోడ్ ఆగిపోయింది, ఒకసారి స్విచ్ చూడండన్నా." ఐదు నిమిషాల్లో జవాబు: "మిక్సీకి ప్లగ్ పీకినాం, పెడుతున్నాం." నిజంగానే మా దగ్గర సగం ఫాల్టులు ఇలాంటివే. తిరుపతికి పోతూ మెయిన్ ఆపేసి పోతారు. వెల్లవేసేవాళ్లు కేబుల్ పీకి పక్కన పడేస్తారు. మెష్ అంటే ఒక దారి మూసుకుంటే ఇంకో దారిన పోవాలి కదా అని మీరు అడగొచ్చు. పోతుంది, రెండో దారి ఉన్న ఇళ్లకు. దాన్ని చూసుకునే సాఫ్ట్‌వేర్ పేరు బ్యాట్‌మన్. జర్మనీలో ఫ్రైఫుంక్ అనే వీధి నెట్‌వర్క్ వాళ్లు తయారుచేస్తే, 2011లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిపేశారు. సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా అటు ఇంకో మేడ లేకపోతే అదేం చేస్తుంది? మా దగ్గర ఇప్పటికీ సగం ఇళ్లకు ఒకే దారి.

ఇందులోనే నా పెద్ద భయం కూడా ఉంది. అంతా ఇద్దరి మీదే నడుస్తోంది. కెమెరాల అబ్బాయికి పెళ్లి కుదిరింది. ఆ నెలంతా అతను ఫోన్ ఎత్తితే గొప్ప. మామకు మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లు ఎక్కాలంటే ఆయాసం. ఊరి మీద అభిమానంతో ఎన్నాళ్లు ఎక్కుతారు? స్పెయిన్‌లో కాటలోనియా ప్రాంతంలో గిఫీ నెట్ అని ఉంది. మన అనంతపురానికి 1969లో వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ పుట్టిన బార్సిలోనా ఆ ప్రాంతానికి రాజధాని. కంపెనీలు పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకపోతే 2004లో అక్కడివాళ్లే డిష్షులు పెట్టుకుని మొదలుపెట్టారు, ఇవాళ 30 వేలకు పైగా నోడ్లు. అంత పెద్దది ఊరికే సేవతో నిలబడలేదు. రిపేరు చేసేవాళ్లు డబ్బు తీసుకునే చేస్తారు. ఆ నెట్‌వర్క్ మీద వ్యాపారం చేసుకునే కంపెనీలు దాని నిర్వహణకు తమ వాటా కట్టాలి. మా మీటింగ్‌లో నేను ఇదే చెప్పాను. నెలకు 30 రూపాయలు పెంచండి, మేడ ఎక్కినప్పుడల్లా వాళ్లకు కూలి ఇవ్వండి, ఇంకో ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పించండి అని. మామ ససేమిరా అన్నాడు. "మన వీధిలో మనం చేసుకునేదానికి కూలేందమ్మా" అని. ఆయన మంచితనం సరే, ఈ నెట్‌వర్క్ ఆయనతోనే ఆగిపోకూడదు కదా. ఒక మార్కు కోసింది ఇందుకే.

అందరూ మర్చిపోయే సౌకర్యం ఇంకోటి ఉంది. కెమెరాల అబ్బాయి మేడ మీది గదిలో అరచేతంత కంప్యూటర్ ఒకటి పెట్టాడు. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు, ఒక చాటింగ్ పేజీ అందులో ఉంటాయి. బయటి ఫైబర్ తెగిపోయినా వీధిలో అది పని చేస్తూనే ఉంటుంది. రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్ తెంపిన రోజు మా పిల్లలు దాంట్లోంచే లెక్కల పేపర్లు దించుకున్నారు, నేను ప్రింట్లు తీసిచ్చాను. 2009 అక్టోబర్ వరదల్లో కర్నూలు పాతబస్తీ మునిగినప్పుడు అక్కడున్న మా పిన్ని వాళ్ల సమాచారం తెలియక మా ఇంట్లో ఎవరికీ తిండి సహించలేదు. న్యూయార్క్‌లో రెడ్ హుక్ అనే పేటలో 2012 శాండీ తుఫాను వచ్చినప్పుడు వీధి మెష్ నిలబడి జనాన్ని కలిపిందని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. అలా నిలబడాలంటే మేడల మీద బ్యాటరీలు ఉండాలి. మా దగ్గర మూడు ఇళ్లకే ఉన్నాయి. కరెంటు పోతే మిగతావన్నీ టపటపా ఆరిపోతాయి.

షాపుకు రెండున్నర ఎందుకంటే, చెప్తా. కౌన్సెలింగ్ ఆప్షన్లకు ఆఖరి రోజు సాయంత్రం నా షాపులో నిలబడటానికి చోటు ఉండదు. ఆ గంటలో నోడ్ ఎవరిది ఆగింది, ఎవరు మిక్సీ పెట్టారు అని గ్రూపులో చూసుకుంటూ కూర్చోలేను. (నెట్టు బాగున్నా అవతల సర్వర్ డౌన్ కావచ్చు, తిట్లు మాత్రం నాకే.) అందుకే షాపులో ఫైబర్ లైన్ ఒకటి ఉంచుకున్నా, వీధి నెట్టు దానికి తోడు. ఇంకో కారణం, ఆధార్, బ్యాంకు పనులు. నా డేటా వేరేవాళ్ల మేడల మీదుగా పోతుంది. బ్యాంకు సైట్లలో తాళం గుర్తు ఉంటే మధ్యవాళ్లు లోపలి సంగతి చదవలేరని అబ్బాయి చెప్పాడు, నిజమే. అయినా ఇంకొకరి ఆధార్ నంబర్ నా చేతిలో ఉన్నప్పుడు ఆ పని సొంత లైన్ మీదే చేస్తా.

లాగిన్‌తోనూ చిన్న చిరాకు ఉంది. వాణి పద్ధతిలో ఫోన్ నంబర్, ఓటీపీ అడుగుతుంది. ఫోన్లకు సులువే. మా స్మార్ట్ టీవీకి ఆ పేజీ సరిగ్గా రాదు. బటన్ ఫోన్ వాడే మా అత్తమ్మ ట్యాబ్‌లో భక్తి పాటలు పెట్టుకోవాలంటే ఓటీపీ వచ్చే ఫోన్ నాది, నేనేమో షాపులో. "ఏం నెట్టో ఏమో, నువ్వొచ్చేసరికి సుప్రభాతం వేళ దాటిపోయె" అంటుంది.

చేరాలనుకునేవాళ్లకు ఇంకో మాట. మీ మేడ మీద ఎక్కడ నిలబడితే చింతల వెంకటరమణస్వామి గుడి గోపురం కనిపిస్తుందో చూసి, ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. దాన్ని బట్టి మీకు ఏ మేడ నుంచి దారి దొరుకుతుందో అబ్బాయి చెబుతాడు. రైల్వే స్టేషన్ రోడ్డు వైపు మాత్రం ఇప్పటికి ఒక్క నోడ్ కూడా లేదు. ఆ వైపు రెండంతస్తుల మేడ, ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఎవరైనా ముందుకొస్తే డిష్షు ఖర్చులో సగం గ్రూపే పెట్టుకుంటుందని పోయిన మీటింగ్‌లో అనుకున్నాం. వివరాలకు నా షాపుకు రండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా భోజనం, ఆ టైమ్‌లో మాత్రం వద్దు.